తిరుపతిలో ఇల్లుంటే ఆదివారం ఎవరిది?

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్. పల్లి. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో టీచర్‌ని. మావారు శ్రీసిటీలో పని చేస్తారు. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కితే రాత్రికి గానీ ఇల్లు చేరరు. పాపకు పదమూడేళ్లు, బాబుకు తొమ్మిది. అత్తగారు మాతోనే ఉంటారు. మా సమస్య విని నవ్వకండి. శని, ఆదివారాలు వస్తే చాలు, స్వామి దర్శనానికి వచ్చే చుట్టాలు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల చుట్టాలు మా ఇంట్లో దిగుతారు. మావారు స్టేషన్‌కూ బస్టాండుకూ తిరగడంతో సరిపోతుంది. నాకు వంటిల్లే లోకం. “కొండకు వచ్చినవాళ్లు మన గడప తొక్కడం మన పుణ్యం” అంటారు అత్తగారు. “రెండు రోజులే కదా, సర్దుకో” అంటారు మావారు. మొన్న మా బాబు, “అమ్మా, మనం ఎప్పుడు చుట్టాలుగా వెళ్తాం?” అని అడిగాడు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో నాతో చదువుకున్న ప్రాణ స్నేహితురాలు ఇదే ఊళ్లో, బైరాగిపట్టెడలో ఉంటుంది. గంగమ్మ జాతరలో కలిసినదాన్ని, మళ్లీ కలవలేదు. సంక్రాంతికి ఆడపడుచు కుటుంబం వచ్చి పది రోజులు ఉంటారు. మాకంటూ ఒక ఆదివారం కావాలనుకోవడం పాపమా? దేవుడి పేరు చెప్పి వచ్చేవాళ్లను రావద్దనడం ఎలా?
— ఒక సోదరి

సమాధానం:

అమ్మా,

పాపం కాదు. ముందు ఆ మాటను మనసులోంచి తీసేయండి. మీ ఉత్తరం చదివి నవ్వు రాలేదు, బాధ కలిగింది. వారమంతా పరుగుపెట్టే నలుగురు మనుషులకు మిగిలేది ఆ ఒకటిన్నర రోజే. అది కూడా చేజారిపోతుంటే ఊరుకోలేకపోవడం మీ తప్పు ఎలా అవుతుంది?

అయితే మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. దాని వెనుక చాలా కాలపు మర్యాద ఉంది. కొండకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకు ముందు ఎంతటివాళ్లయినా మెట్లెక్కాలి, లేదంటే డోలీలో కూర్చోవాలి. ఎక్కడో పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన సంసారాలకు కొండెక్కే ముందు ఒక రాత్రి తల వాల్చడానికి, దిగివచ్చాక పట్టేసిన పిక్కలకు ఇంత వేడినీళ్లు పోసుకోవడానికి తెలిసినవాళ్ల ఇల్లు పెద్ద ఆసరా. ఆ రోజుల్లో కొండ కింద ఇల్లున్నవాళ్లు తలుపు తీయడం నిజంగానే పుణ్యకార్యం. మీ అత్తగారికి ఆ మాట ఆమె పెద్దల నుంచి వచ్చి ఉంటుంది. ఆ సంగతి మీరు గౌరవంగా ఒప్పుకుంటేనే తర్వాతి మాట ఆమె చెవికి ఎక్కుతుంది.

తర్వాతి మాట ఏమిటంటే, వచ్చేవాళ్ల అవసరం ఇప్పుడు మారింది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. గదులూ అంతే. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉంది. కొండ మీద ఉచిత అన్నదానం 1985 నుంచి సాగుతోంది. మన పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరుతో అక్కడున్న అన్నప్రసాద కేంద్రంలో ఎవరైనా కూర్చుని కడుపునిండా తినవచ్చు. అంటే మీరు ఒక వారం వంట చేయనంత మాత్రాన స్వామి భక్తులెవరూ ఆకలితో తిరిగి వెళ్లరు. దర్శనానికి మీ ఇల్లు ఒకప్పుడు తప్పనిసరి మజిలీ, ఇప్పుడు చాలామందికి అదొక సౌకర్యం మాత్రమే. సౌకర్యం కోసం వచ్చేవాళ్లకు తేదీ మార్చుకోమని చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. రుయాకో, స్విమ్స్‌కో, బర్డ్‌కో వైద్యానికి వచ్చినవాళ్లు తలుపు తడితే వారమూ వర్జ్యమూ చూడకండి. చంటిబిడ్డతో వచ్చిన తల్లి, ఒంటరిగా వచ్చిన ముసలి ప్రాణం, వీళ్లూ అంతే. అలాంటి వారం మీకు విశ్రాంతి దొరకకపోవచ్చు, కానీ మీ పిల్లలు ఆ ఇంట్లో ఏం చూస్తున్నారో అది వాళ్లకు ఎప్పటికీ పనికొస్తుంది. ఇక మీ బంధువుల స్నేహితుల బంధువులంటారా, వాళ్లకు గది ఎలా దొరుకుతుందో చెప్పడమే మీరు చేయగల సాయం. అది చిన్న సాయమేమీ కాదు.

ఈ మాట ఫోనులో ఎవరు చెప్పాలి? మీరు కాదు, మీవారు చెప్పాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆయన వైపువాళ్లే అయితే కోడలి నోటి నుంచి వచ్చిన “వద్దు” అనే మాట పదేళ్లు బతుకుతుంది, పెళ్లిళ్లలోనూ పేరంటాలలోనూ తిరుగుతుంది. ఆయన నోటి నుంచి వస్తే వారం రోజుల్లో అందరూ మరచిపోతారు. మన ఇళ్ల తీరు ఇదే, దీన్ని ఇప్పటికిప్పుడు మార్చలేం. పైగా “రావద్దు” అననవసరం లేదు. “ఆ రెండు రోజులు మాకు కుదరదు మామా, గది సంగతి నేను చూసి చెబుతాను. దర్శనం అయ్యాక సాయంత్రం కాఫీకి ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం” అంటే చాలు. ఎందుకు కుదరదో చెప్పనక్కర్లేదు. కాఫీకి పిలవడం మాత్రం మరవవద్దు. రెండు రోజులు మీ ఇంట్లో ఉండి, సామాన్లు సర్దుకుంటూ, క్యూలో ఎంతసేపు నిలబడ్డారో చెప్పుకుంటూ గడిపిన చుట్టం కంటే, గంటసేపు కాఫీకి వచ్చిన చుట్టంతోనే మీరు ఎక్కువ మాట్లాడతారు. కావాలంటే చూడండి.

మీవారితో ఎప్పుడు మాట్లాడతారన్నది కూడా ముఖ్యమే. ఆదివారం రాత్రి, గిన్నెలన్నీ సింకులో పడి ఉన్నప్పుడు వద్దు. అప్పుడు మీ గొంతులో అలసట పలుకుతుంది, ఆయనకు అది నిందలాగా వినిపిస్తుంది. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, బాబు అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన కూడా ఆ రెండు రోజులూ ఊరికే కూర్చోవడం లేదు కదా. ఎండలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎవరెవరి పెట్టెలనో మోస్తున్నారు. పని రోజుల్లో పిల్లలు నిద్ర లేవకముందే ఇల్లు వదిలే తండ్రికి, సెలవు రోజుల్లో కూడా వాళ్లు దొరకడం లేదు. ఆ లోటు ఆయనకు తెలియదనుకోను. ఎవరో ఒకరు ముందుగా నోరు తెరవాలి, అంతే.

సరే, ఆదివారం చేతికి వచ్చింది. ఏం చేయాలి? ఇక్కడే చాలా కుటుంబాలు పొరపాటు చేస్తాయి. దొరక్క దొరికిన సెలవని పెద్ద ప్రయాణం పెట్టుకుంటారు. తలకోనకు వెళ్దాం, 270 అడుగుల జలపాతం చూద్దాం అని తెల్లవారుజామున లేచి, పులిహోర కలిపి, పిల్లల్ని తొందరపెట్టి, సాయంత్రానికి ఇంటికి వచ్చి మంచాల మీద పడతారు. తలకోన చూడవలసిన చోటే. వానలు పడ్డాక ఏడాదికి ఒకసారి తప్పకుండా వెళ్లండి. కానీ ప్రతి వారానికీ అది మందు కాదు. వారం వారం కావలసింది, ఎవరూ తయారవనవసరం లేని, డబ్బు లెక్క చూసుకోనవసరం లేని, ఇంట్లో అందరి చేతులూ కలిసే ఏదో ఒక చిన్న పని.

మీకు ఈ నెలలో ఆ పని బజారులోనే దొరుకుతుంది. మన జిల్లావాళ్లకు అనపకాయల గురించి, అదే గింజల కోసం ఒలిచే ఆ చిక్కుడు జాతి కాయల గురించి, నేను చెప్పనక్కర్లేదు. మంచు పడటం మొదలైతే చాలు, కూరగాయల బళ్ల మీద వేరే కాయకు చోటుండదు. ఈ శనివారం సాయంత్రం ఒక మూడు కిలోలు తెచ్చి హాలు మధ్యలో పాత చాప పరచి గుమ్మరించండి. మూడు కిలోలు ఎందుకంటే, ఒకటిన్నర కిలో అయితే మీరు ఒక్కరే కూర్చుని ఒలిచేస్తారు. మూడు కిలోలైతే ఇంట్లో ఎవరూ తప్పించుకోలేరు.

కాయ ఒలవడం శనివారం రాత్రి పని. అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుంటారు, మీవారు చాప చివర, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ. పుచ్చు గింజ, పురుగున్న కాయ ఏరడం పాపకు అప్పగించండి, ఆ వయసు పిల్లలకు తప్పులు పట్టే పని మహా ఇష్టం. గింజలను రాత్రి నీళ్లలో వేసి ఉంచితే తెల్లారేసరికి పైతోలు బిగువుగా ఉబ్బి ఉంటుంది. ఆదివారం ఉదయం కాఫీలయ్యాక పితకడం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి ఒక్క నొక్కు నొక్కితే లేత ఆకుపచ్చ పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్లకు అంటుకుని ఉండిపోతుంది. గురి చూసి నొక్కితే గిన్నెలో కాదు, ఎదుటివాళ్ల ముఖాన పడుతుంది. మీ బాబు ఆ విద్య రెండు నిమిషాల్లో నేర్చుకుంటాడు, కాస్త పోనివ్వండి. అరగంట గడిచేసరికి వేలి కొసలు నాని ముడతలు పడతాయి, గోళ్ల సందున పచ్చి వాసన నిలిచిపోతుంది.

ఈ పని గొప్పతనం ఏమిటంటే, చేతులకు తీరిక ఉండదు, నోటికి మాత్రం బోలెడంత తీరిక. ఎదురెదురుగా కూర్చోబెట్టి “స్కూల్లో ఏం జరిగింది?” అని అడిగితే పదమూడేళ్ల పిల్ల “ఏమీ లేదు” అంటుంది. అదే పిల్ల గింజలు పితుకుతూ, తల వంచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, క్లాసులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అంతా చెప్పేస్తుంది. పెద్దావిడ తన అత్తవారింట్లో ఎన్ని కుంచాల అనపగింజలు పితికేవారో చెబుతారు. ఆ కథ మీరు విని ఉంటారు. మీ పిల్లలు విని ఉండరు. అందరూ తినడానికి కూర్చునేసరికి కొబ్బరి, ధనియాలు, గసగసాలు నూరి పోసిన పితికిపప్పు కూర, పక్కన రాగిసంగటి. సంగటి గెలికే బాధ్యత మీవారిది. ఆ కట్టె పట్టుకుని రెండు చేతులతో తిప్పడానికి బలం కావాలని చెప్పండి, ఆయన కాదనరు.

అనపకాయల కాలం అయిపోతే వేరొకటి వస్తుంది. వేసవిలో ఆవకాయ ముక్కలు తుడవడం, కొత్త చింతపండు వస్తే గింజ తీయడం, పచ్చి చెనక్కాయలు వచ్చినప్పుడు ఉప్పేసి ఉడకబెట్టి అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చోవడం. ఏదైనా ఫరవాలేదు. ఆ గంటన్నర మాత్రం ఫోనులన్నీ దేవుడి గూటి పక్కన ఉండాలి, ముందు మీది.

ఇప్పుడు చుట్టాల సంగతికి మళ్లీ వస్తాను. ఎంత చెప్పినా కొందరు వస్తారు, రావాలి కూడా. కానీ వచ్చినవాళ్లను సోఫాలో కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్లకండి. వాళ్లను చాప మీదికి పిలవండి. “అత్తయ్యా, మీరూ ఒక గిన్నె పట్టండి” అంటే ఎవరూ నొచ్చుకోరు. హైదరాబాదులో అపార్టుమెంటులో ఉండేవాళ్లు అనపగింజను పితికి ఎన్నేళ్లయిందో. నిజానికి చాలామంది అతిథులకు మనం చేసే హడావుడి ఇబ్బందిగానే ఉంటుంది. ఆమె చేస్తుంటే మనం కూర్చోవడం ఏమిటని లోపల అనుకుంటూనే ఉంటారు, మొహమాటానికి లేవరు. పని చెబితే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. వంటకాలు కూడా తగ్గించండి. కూర, పప్పు, రసం, పెరుగు. నాలుగు కూరలు వండి మాట్లాడలేనంత అలసిపోయిన గృహిణి కంటే, ఒక కూర వండి పక్కన కూర్చున్న మనిషే వాళ్లకు గుర్తుంటుంది.

బయటికి వెళ్లాలనిపిస్తే దగ్గరివే చూసుకోండి. మీ ఇంటి నుంచి చంద్రగిరి 15 కిలోమీటర్లు దాటదు. ఆ కోటలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ ఉండదు కాబట్టి మీ పిల్లలిద్దరికీ ఖర్చు లేదు. రాజమహలు లోపలికి వెళ్లాక పిల్లలకు ఒక పని పెట్టండి: పైకప్పుల్లో ఎక్కడైనా చెక్క దూలం కనిపిస్తుందేమో వెతకమనండి. ఎంత వెతికినా దొరకదు, ఆ మేడంతా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. 1639లో ఇంగ్లీషువాళ్లు మద్రాసులో కోటకు చోటు సంపాదించినప్పుడు ఆ నేల చంద్రగిరి రాజుల ఏలుబడిలోదేనని పాపకు చెప్పండి, చరిత్ర పుస్తకంలోని పాఠం తమ ఊరి పక్కనే ఉందని తెలిస్తే ఆ వయసులో మనసుకు పట్టేస్తుంది. కపిలతీర్థం సంగతి మీకే బాగా తెలుసు. గట్టి వాన పడిన మర్నాడు ఆదివారం అయితే మాత్రం టిఫిను కూడా వాయిదా వేసి వెళ్లండి, కొండ మీద నుంచి నీళ్లు పుష్కరిణిలోకి దూకడం చూడటానికి. రెండు రోజులు ఆలస్యమైతే ఆ జోరు ఉండదు. జూ పార్కు పెద్దది, సగం రోజు పెట్టుకోండి, అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చేవాళ్ల కోసం ఆమె ఇంటిపట్టునే ఉండి ఎన్నాళ్లయిందో మీరు ఉత్తరంలో రాయలేదు. ఒకసారి అడిగి చూడండి. చుట్టాలు రావాలని ఆమె కోరుకోవడం వెనుక, తనతో మాట్లాడే మనిషి కావాలన్న కోరిక ఉందేమో.

మీ స్నేహితురాలి విషయం అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది. ఎం.ఆర్. పల్లికీ బైరాగిపట్టెడకీ ఎంత దూరం? ఆటో ఎక్కితే పాట రెండు చరణాలు పూర్తి కావు. జాతర అయ్యింది మే నెలలో, ఇప్పుడు మార్గశిరం. పెళ్లయ్యాక ఆడవాళ్ల స్నేహాలే ముందుగా వాయిదా పడతాయి, ఎందుకంటే వాటి కోసం ఇంట్లో ఎవరూ అడగరు. భర్త స్నేహితుడు వస్తే కాఫీ పెడతాం, పిల్లల స్నేహితులు వస్తే బిస్కెట్లు పెడతాం. మన స్నేహితురాలు వస్తే “ఇంకోసారి తీరిగ్గా కలుద్దాం” అంటాం. ఆ తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? తీరికగా కలవాలనుకోవడం మానేసి, పనిలోనే కలవండి. ఆదివారం పొద్దున ఆరింటికి ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో ఎంతోమంది నడుస్తుంటారు, మీరిద్దరూ ఒక ముప్పావుగంట నడవండి. ఇంట్లో ఇంకా ఎవరూ నిద్రలేవని వేళ అది, ఎవరికీ లోటు చేసినట్టు కాదు. ఏడింటికల్లా ఇంటికి వచ్చేస్తారు. ఒక వారం ఆమె రాలేకపోతే మీరు ఒక్కరే నడిచి రండి, కానీ సమయం మార్చకండి. వారం వారం ఫోను చేసి ఎప్పుడు, ఎక్కడ అని మాట్లాడుకోవలసి వస్తే ఆ ఏర్పాటు రెండు నెలలు కూడా నిలవదు.

మీ బాబు అడిగినదానికి జవాబు కూడా ఆమె ఇంట్లోనే ఉంది. నెలకో ఆదివారం మీరంతా, అత్తగారితో సహా, బైరాగిపట్టెడకు చుట్టాలుగా వెళ్లండి. ఉట్టి చేతులతో కాదు, పిల్లవాడి చేతికి పండ్ల సంచి ఇచ్చి, తలుపు తట్టమని చెప్పి వెనకాల నిలబడండి. ఆ ఇంట్లో వాడికి మంచినీళ్లు, మర్యాదలు అన్నీ జరగాలని మీ స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచండి. మరుసటి నెల వాళ్లు మీ ఇంటికి వస్తారు. అలా వచ్చిపోయే రెండు కుటుంబాల పిల్లలకు ఊళ్లోనే మేనత్తా మేనమామా దొరికినట్టు. శ్రీసిటీ బస్సు దిగి మీవారు రావడం ఆలస్యమైన రాత్రి మీ పాపకు జ్వరం వస్తే, మొదట తలుపు తట్టేది ఆవిడే అవుతుంది.

ఆడపడుచు పది రోజులు ఉంటారన్నారు కదా, ఆమెను మాత్రం ఈ చుట్టాల లెక్కలో వేయకండి. ఆమె వచ్చేది దర్శనానికి కాదు, పుట్టింటికి. ఏడాదంతా అత్తవారింట్లో వండి వడ్డించిన మనిషి తల్లి దగ్గర నాలుగు రోజులు కాళ్లు చాపుకోవాలని వస్తుంది, చాపుకోనివ్వండి. మొదటి మూడు రోజులు ఆమెకు ఏ పనీ చెప్పకండి. భోగికి ముందు రోజు అరిసెలకు బెల్లం పాకం పట్టేటప్పుడు పిలవండి. ఉండపాకం కుదరడం చూడటానికి రెండో మనిషి ఉండాలి, తల్లి చేతి పాకం ఆమెకే బాగా తెలిసి ఉంటుంది. వదినా మరదళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాక మాట దానంతట అదే నడుస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు, కనుమ అయ్యాక, “ఈ పూట వంట నీదీ మీ అన్నదీ” అని చనువుగా చెప్పి, పిల్లల్ని అత్తగారికి అప్పగించి, మధ్యాహ్నం నుంచి మీరు మీ స్నేహితురాలి ఇంటికి వెళ్లండి. చీకటి పడ్డాక రండి.